కింది స్వరం
(ఫ్రిస్కో, టెక్సాస్, 2025 డైరీ నుంచి)

మార్చి 4

అమ్మాయి బడి నుంచి బ్యాండు కాగితం తెచ్చింది. ఆగస్టులో ఆరో తరగతికి వెళ్తుంది. ఇక్కడ బ్యాండు ఆరో తరగతిలోనే మొదలవుతుంది. ఏ వాద్యం కావాలో మూడు పేర్లు వరసగా రాసివ్వాలి. ఫ్లూటు, క్లారినెట్, శాక్సోఫోన్, ట్రంపెట్ అంటూ పెద్ద జాబితా ఉంది. తను మాత్రం దాని చివర్న ఉన్న మూడింటినే చూస్తోంది: ట్రాంబోన్, యూఫోనియం, ట్యూబా. మంద్రస్థాయిలో పలికే ఇత్తడి వాద్యాలన్నీ అవే. "పాట కింద గుమ్మని మోగుతుంటుంది కదమ్మా, అది నేను వాయించాలి" అంది.

పదకొండేళ్ళ పిల్ల పాట వింటూ అడుగున ఉన్న స్వరాన్ని పట్టుకోగలిగిందంటే, ఆ చెవిని మనం చెడగొట్టకూడదు. ఇక ఆ మూడింట్లో ఏదన్నదే తేలాలి.

మార్చి 9

గుడిలో ప్రసాదం దగ్గర ఈ మాటే వచ్చింది. "ఆడపిల్లకి అంత బరువెందుకండీ? ఫ్లూటైతే బ్యాగులో పడుతుంది" అన్నారు ఒకావిడ. అభిమానంతో అన్న మాటే. కానీ వాద్యానికి ఆడా మగా ఏమిటి? ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాలో ప్రధాన ట్యూబా వాద్యకారిణి కేరల్ జాంచ్. ఆ ఉద్యోగం 2006లో వచ్చేనాటికి ఆమె ఇంకా మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటోంది. అమెరికాలోని పెద్ద ఆర్కెస్ట్రాల్లో ఆ కుర్చీ ఎక్కిన మొదటి స్త్రీ ఆవిడే. ఇంటికొచ్చాక ఆవిడ వీడియో పెడితే, అమ్మాయి కదలకుండా చివరిదాకా చూసింది.

ఊపిరి సరిపోతుందా అన్నది రెండో అనుమానం. షికాగో సింఫనీలో 1944 నుంచి 1988 దాకా ట్యూబా వాయించిన ఆర్నాల్డ్ జేకబ్స్‌కి ఉబ్బసం వల్ల ఊపిరితిత్తుల సామర్థ్యం బాగా తగ్గింది. అయినా ఇత్తడి వాద్యాలు నేర్చుకునేవాళ్ళు ఎందరో శ్వాస గురించి తెలుసుకోవడానికి ఆయన దగ్గరికి వెళ్ళేవారు. గాలి ఎంత పడుతుందన్నదొక్కటే లెక్క కాదు, దాన్ని ఎంత ఒత్తిడి లేకుండా వదులుతామన్నది అంతకంటే పెద్ద లెక్క. పాట పాడేవాళ్ళకి ఇది ఒకరు చెప్పక్కర్లేదు.

మార్చి 15

వాద్యాల దుకాణానికి వెళ్ళాం. ట్రాంబోన్, యూఫోనియం పక్కపక్కనే పెట్టి చూపించారు. ఒకటి పొడుగ్గా, సన్నగా ఉంది. ఇంకోటి చుట్టలు చుట్టుకుని ఒళ్ళో పట్టేంత ఉంది. గొట్టం విప్పి కొలిస్తే మాత్రం రెండూ దాదాపు తొమ్మిది అడుగులే, పలికే స్థాయీ ఒకటే. మరి నాదంలో అంత తేడా ఎందుకు? ట్రాంబోన్ గొట్టం చాలా దూరం ఒకే లావులో వెళ్ళి చివర్లో విచ్చుకుంటుంది, అందుకే దాని ధ్వని సూటిగా, మెరుపుగా ఉంటుంది. యూఫోనియం గొట్టం చాలాచోట్ల కొంచెం కొంచెంగా లావెక్కుతూ పోతుంది. దాని గొంతు గుండ్రంగా, మెత్తగా ఉంటుంది.

ట్రాంబోన్‌కి వాల్వుల బదులు జారే స్లైడు ఉంటుంది. దానిమీద ఏడు స్థానాలు. గీతలేమీ ఉండవు, ఎక్కడ ఆపాలో చెవే చెప్పాలి. మన వాయులీనంలాగే. అమ్మాయి చెయ్యి పూర్తిగా చాపినా ఏడో స్థానం అందలేదు. ఈ వయసు పిల్లల్లో చాలామందికి అందదు, ఎదిగేకొద్దీ అదే సర్దుకుంటుంది. బొటనవేలితో నొక్కే ఎఫ్ ట్రిగ్గర్ ఉన్న ట్రాంబోన్ అయితే గొట్టం పొడవు ఒక్కసారిగా పెరిగి, దూరపు స్థానాల్లోని కొన్ని స్వరాలు దగ్గరికొచ్చేస్తాయి. కానీ దాని ధరా ఎక్కువే, బరువూ ఎక్కువే.

మార్చి 22

ట్యూబా గురించి చదివాను. బెర్లిన్‌లో విల్హెల్మ్ వీప్రెక్ట్ అనే మిలిటరీ బ్యాండు దొర, మోరిట్జ్ అనే వాద్యాల తయారీదారు కలిసి 1835 సెప్టెంబరు 12న దీనికి పేటెంటు తీసుకున్నారు. అంతకుముందు అడుగు స్వరానికి సర్పెంట్ ఉండేది, పాములా మెలికలు తిరిగిన చెక్క గొట్టం, పైన తోలు చుట్టేవారు. తర్వాత ఆఫిక్లైడ్ అనే వాద్యం వచ్చింది. మిలిటరీ బ్యాండుకి ఇంకా నిండైన అడుగు స్వరం కావాల్సి వచ్చింది. ఆ అవసరంలోంచి పుట్టిందే ట్యూబా.

ఇందులోనూ రకాలున్నాయి. ఎఫ్ ట్యూబా పన్నెండు అడుగులు, ఇ-ఫ్లాట్ పదమూడు, సి పదహారు, బి-ఫ్లాట్ పద్దెనిమిది. అమెరికా బడుల్లో వాడేది ఈ పద్దెనిమిది అడుగులదే. ఇక్కడి వృత్తి ఆర్కెస్ట్రాల వాళ్ళు ఎక్కువగా సి ట్యూబాకి మళ్ళుతారు. బ్రిటిష్ బ్రాస్ బ్యాండుల్లో ఇ-ఫ్లాట్‌వి రెండు, బి-ఫ్లాట్‌వి రెండు ఉంటాయి. బ్యాండులో చేరే పిల్లకి ఈ చర్చ అక్కర్లేదు, బడిలో ఏది ఉంటే అదే సరైనది.

ఏప్రిల్ 5

నాన్నతో ఫోన్. రాజమండ్రిలో అప్పుడే ఎండలు మండిపోతున్నాయట. మనవరాలి సంగతి చెప్పగానే, "మన బ్యాండు మేళంలో ఉండేదే కదమ్మా!" అన్నారు. చిన్నప్పటి పెళ్ళి ఊరేగింపులు గుర్తు చేసుకున్నారు. పెట్రోమాక్సు లైట్లు నెత్తిన పెట్టుకుని నడిచేవాళ్ళు, ఎర్రకోట్ల మేళగాళ్ళు, ముందు క్లారినెట్, ట్రంపెట్, వాటి వెనక బుగ్గలు పూరించి పెద్ద బాకాలు వాయించేవాళ్ళు. "పాట ముందున్నవాడిది, నడక వెనకున్నవాడిది. పిల్లలం వాడి అడుగులో అడుగేసి నడిచేవాళ్ళం" అన్నారు.

మన దేశపు పెళ్ళి బ్యాండుల్లో యూఫోనియం పెద్ద కొలువు చేసింది. ముందు వాద్యం ఒక వరస వాయిస్తే, తక్కినవన్నీ అందుకుని బదులిస్తాయి, ఆ బదులులో దీని గొంతు గట్టిగా వినిపిస్తుంది. ఆ వాద్యాల్లో చాలా భాగం ఉత్తరప్రదేశ్‌లోని మేరఠ్‌లో, జలీ కోఠీ అనే పేటలో తయారైనవే. నాదిర్ అలీ కంపెనీ అక్కడ 1885 నుంచి ఉంది. పెళ్ళిలో మంగళవాద్యం సన్నాయిదే. కానీ ఊరేగింపు వీధిలోకొచ్చాక ఊరంతటినీ వాకిళ్ళలోకి రప్పించింది ఆ ఇత్తడే. ఆ మేళగాళ్ళ విద్యకి మనం ఇవ్వాల్సినంత గౌరవం ఎప్పుడూ ఇవ్వలేదు.

ఏప్రిల్ 17

బడిలో పరీక్ష. పరీక్షంటే మార్కులవి కాదు, మౌత్‌పీసులు ఒక్కొక్కటీ ఇచ్చి ఊదించి చూడటం. నేను పక్కనే కూర్చున్నాను.

ముందు ట్రంపెట్‌ది, లోపలి వెడల్పు పదహారు, పదిహేడు మిల్లీమీటర్లు. అందులో అమ్మాయి పెదవి బిగుసుకుపోయి గాలి తప్ప ఏమీ రాలేదు. తర్వాత ట్రాంబోన్, యూఫోనియంలకి వాడేది, పాతిక మిల్లీమీటర్లు. బర్రుమని పలికింది. చివరికి ట్యూబాది, ముప్ఫై రెండు మిల్లీమీటర్ల చిన్న గిన్నె. పెదవులు రెండూ హాయిగా అందులో కూర్చున్నాయి. ఊదగానే నిండుగా, నిలకడగా ఒక స్వరం వచ్చింది. బ్యాండు డైరెక్టరు గారు పియానో మీద ఒక మెట్టు నొక్కి, "ఇది పాడు" అన్నారు. పాడింది. "ఇప్పుడు దాన్నే మౌత్‌పీసులో పలికించు" అన్నారు. పలికించింది.

అక్కడే నాకు విషయం అర్థమైంది. వాద్యం ఎన్నుకోవడంలో ముందు చూడాల్సింది ఏ మౌత్‌పీసులో ఆ పెదవులు తేలిగ్గా పలుకుతున్నాయన్నది. ఆ వెంటనే, తను పాడిన స్వరం అందులో దొరుకుతోందా అన్నది. లావు పెదవులకి పెద్ద వాద్యం, పళ్ళు ఎత్తుగా ఉంటే ఫలానాది వద్దు లాంటి సూత్రాలు చాలా విన్నాం. పిల్ల ఊదినప్పుడు వచ్చే నాదం ముందు అవేవీ నిలబడవు.

ఏప్రిల్ 26

ఇంట్లో పంచాయితీ. మా ఆయన ట్రాంబోన్ అంటున్నారు. కారణాలు గట్టివే: ఆర్కెస్ట్రాలో, జాజ్‌లో, బ్యాండులో మూడుచోట్లా దానికి చోటుంది. యూఫోనియం ఆర్కెస్ట్రాలో అరుదు. హోల్స్ట్ 'ప్లానెట్స్'లో టెనర్ ట్యూబా అని రాసిన భాగం వాయించడం లాంటి కొద్ది సందర్భాలు తప్పిస్తే పిలుపు రాదు. ట్యూబాకి ఆర్కెస్ట్రాలో మామూలుగా ఒకటే కుర్చీ.

కానీ మా పిల్ల చేరేది బ్యాండులో. బ్యాండులో యూఫోనియం రాణి. అదే హోల్స్ట్ 1911లో మిలిటరీ బ్యాండుకి రాసిన రెండో సూట్‌లో మొదటి భాగంలోనే అందమైన సోలో ఆ వాద్యానికి ఇచ్చాడు. ట్యూబాకీ సోలో వైభవం లేకపోలేదు. వాన్ విలియమ్స్ 1954లో దానికోసం కచేరీ స్థాయి కాన్‌చెర్టో రాశాడు.

ఇంకో వెసులుబాటు ఉంది. యూఫోనియం, బి-ఫ్లాట్ ట్యూబా రెండింటి వేళ్ళ పద్ధతీ ఒకటే, కింది దానికీ పైదానికీ ఒక స్థాయి తేడా. ఇక్కడి బడుల్లో రెండూ ఒకే బాస్ క్లెఫ్‌లో చదువుతారు. ఒకదాని మీద మొదలెట్టి రెండోదానికి వెళ్ళడం కష్టం కాదు. చిన్న పిల్లల్ని ముందు యూఫోనియం మీద పెట్టి, ఒడ్డూపొడుగూ వచ్చాక ట్యూబాకి మార్చే మాస్టర్లు చాలామంది ఉన్నారు. ఈ నిర్ణయం జన్మంతా కట్టేసేది కాదని తెలిశాక ఇంట్లో గొంతులు తగ్గాయి.

మే 8

డబ్బు లెక్క. కొత్త ట్యూబా వేల డాలర్ల మాట. అందుకే ట్యూబా, యూఫోనియం చాలావరకు బడే ఇస్తుంది, ఏడాదికి కొద్దిపాటి రుసుము కట్టాలి. ట్రాంబోన్ మనమే కొనుక్కోవాలి, లేదా నెలవారీ అద్దెకి తెచ్చుకోవాలి.

దుకాణంలో రిపేర్లు చేసే పెద్దాయన పాత వాద్యం ఎలా చూడాలో చూపించారు. వాల్వు నొక్కకుండా దాని పక్క స్లైడుని బయటికి లాగారు. 'టప్' మని చప్పుడొచ్చింది. "ఈ చప్పుడు వస్తే వాల్వు బిగువుగా ఉన్నట్టు. రాకపోతే గాలి కారిపోతోందని" అన్నారు. మౌత్‌పీసు దగ్గరి సన్న గొట్టం మీద వేలు పెట్టి, అక్కడ సొట్ట ఉంటే నాదమే చెడుతుందని, వెడల్పాటి బెల్ మీద చిన్న సొట్ట పెద్ద విషయం కాదని చెప్పారు. ఇత్తడి మీద గులాబి రంగు మచ్చలుంటే అందులోని జింకుని తుప్పు తినేసిందని అర్థమట. పేరూ ఊరూ లేని చవక వాద్యాలకి విడిభాగాలు దొరకవు, మంచిదైతే పాతదే నయం.

మే 20

హైస్కూలు బ్యాండు కచేరీ. నేను కళ్ళు మూసుకుని కింది స్వరాన్నే విన్నాను. ఒకచోట ట్యూబాలు నాలుగు ఆవర్తాల పాటు ఆగాయి. పాట ఆగలేదు, ట్రంపెట్లు వాయిస్తూనే ఉన్నాయి, కానీ అంతా పలచబడిపోయింది. ట్యూబాలు మళ్ళీ అందుకోగానే అవే ట్రంపెట్లు రెట్టింపు అందంగా వినిపించాయి. వాళ్ళు కొత్తగా చేసిందేమీ లేదు.

ఫ్రాన్సిస్ మెక్‌బెత్ అనే స్వరకర్త 1972లో బ్యాండు వాదనం మీద రాసిన పుస్తకంలో దీన్ని పిరమిడ్‌గా చెప్పాడు: కింది వాద్యాలు బలంగా, పైకి పోయేకొద్దీ తక్కువ ధ్వనితో వాయించాలి. అప్పుడే బ్యాండు శ్రుతిలో ఉన్నట్టు వినిపిస్తుంది. ఇక్కడి డైరెక్టర్లు చాలామంది నోట ఇప్పటికీ ఈ మాటే వింటాం.

అమ్మాయి తిరుగుదారిలో కారులో అంది: "ట్యూబానే అమ్మా." మేమిద్దరం సరే అన్నాం.

ఆగస్టు 19

తొలి వారం. బడి ఇచ్చింది త్రీ-క్వార్టర్ సైజు ట్యూబా. చిన్నదంటే పైస్థాయిలో పలికేదని కాదు. గొట్టం పొడవు అదే పద్దెనిమిది అడుగులు, లోపలి వెడల్పు, బెల్ మాత్రం చిన్నవి. చిన్న పిల్ల చేతులకి, ఊపిరికి ఇది సరైన కొలత.

తరగతి గదికి ఒకటి, ఇంట్లో సాధనకి ఇంకొకటి ఇచ్చారు. ట్యూబా ఎంచుకునేవాళ్ళు చేరేముందే ఈ ప్రశ్న అడగాలి. అంత వాద్యాన్ని రోజూ స్కూలు బస్సులో మోసుకురావడం ఏ పిల్లా చెయ్యలేదు. ఇంట్లో వాద్యం లేకపోతే సాధన ఉండదు. సాధన లేకపోతే ఎంత ఇష్టమైనా రెండు నెలల్లో చల్లారిపోతుంది.

సెప్టెంబరు 6

కూర్చునే పద్ధతి. ట్యూబాని ఒళ్ళో పెట్టుకుంటే మౌత్‌పీసు నుదుటి దాకా వస్తోంది, అందుకోసం మెడ చాపుతోంది. డైరెక్టరు గారు స్టాండు తెచ్చి, ఎత్తు సవరించి, "వాద్యమే నీ దగ్గరికి రావాలి, నువ్వు దాని దగ్గరికి పోకూడదు" అన్నారట. ఇప్పుడు వెన్ను నిటారుగా, భుజాలు వదులుగా ఉన్నాయి. ఊపిరి పొట్టలోకి దిగుతోంది. వెన్ను, ఊపిరి గురించి ఇదే మాట నా చిన్నప్పుడు మా సంగీతం టీచరు గారు కూడా చెప్పేవారు.

సెప్టెంబరు 21

ఇవాళ మధ్యాహ్నం తంబూరా యాప్ తెరిచి ఆరున్నర శ్రుతిలో పెట్టాను. ట్యూబాది బి-ఫ్లాట్, మన లెక్కలో ఆరున్నర. వాల్వులేవీ నొక్కకుండా, పెదవి బిగింపు మార్చుతూ ఊదమన్నాను. స, ప, పై స, గ, ప. అన్నీ ఒకే గొట్టంలోంచి వచ్చాయి. ఆ గాంధారం తంబూరాలో కలిసిపోయింది. మంద్ర షడ్జం తీగ బాగా శ్రుతయినప్పుడు ఎవరూ మీటకుండానే వినిపించే అంతర గాంధారం అది.

అదే స్వరాన్ని పియానో మీద నొక్కి చూపించాను. కొంచెం ఎక్కువగా ఉంది. సెంటుల్లో చెబితే సుమారు 14 ఎక్కువ. అంటే బ్యాండులో కింద ట్యూబా షడ్జం పట్టినప్పుడు, పైన గాంధారం వాయించే క్లారినెట్టో హార్నో ఆ కొంచెం తగ్గించుకోవాలి. అది కొలిచి చేసే పని కాదు, కింది స్వరంలో ఆ గాంధారం అప్పటికే మోగుతుంటుంది కాబట్టి చెవి దానికి ఒదిగిపోతుంది. బ్యాండులో తంబూరా పని చేసేది ట్యూబా. కింది స్వరం వణికితే పైనున్న నలభైమందికీ ఆనుకోవడానికి ఏమీ ఉండదు.

అక్టోబరు 10

శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ మైదానం. హైస్కూలు పిల్లలు కవాతులో ట్యూబా బదులు సూసాఫోన్ తొడుక్కున్నారు. జాన్ ఫిలిప్ సూసా కోరిక మీద ఫిలడెల్ఫియాలో జె.డబ్ల్యూ. పెప్పర్ 1893లో దీన్ని తయారుచేశాడు. మొదట్లో బెల్ ఆకాశం వైపు చూసేది, తర్వాత ముందుకి తిరిగింది. గొట్టం ఒంటి చుట్టూ తిరిగి బరువంతా భుజం మీద పడుతుంది. ఇత్తడిదైతే బాగా బరువు, ఫైబర్‌గ్లాసుది తేలిక. హైస్కూలుకి వచ్చేసరికి మా అమ్మాయికీ ఇదే. అడుగు తప్పకుండా మైదానమంతా తిరుగుతున్న ఆ పిల్లల్ని చూస్తే నాన్న చెప్పిన మాట నిజమనిపించింది, నడక వెనకున్నవాళ్ళదే.

నవంబరు 2

"అమ్మా, ఒకటీ మూడూ కలిపి నొక్కితే శ్రుతి పైకి పోతోంది" అంది. కాగితం పెన్సిలు తీసి లెక్క కట్టాం. మొదటి వాల్వు ఒక పూర్తి స్వరం దింపడానికి గొట్టానికి దాదాపు 12 శాతం పొడవు కలుపుతుంది. మూడోది ఒకటిన్నర స్వరం దింపాలి, దాదాపు 19 శాతం. రెండూ కలిస్తే 31. కానీ రెండున్నర స్వరాలు దింపాలంటే కావాల్సింది 33కి పైనే. తొమ్మిది అడుగుల యూఫోనియంలో ఆ లోటు ఆరు సెంటీమీటర్లు, పద్దెనిమిది అడుగుల ట్యూబాలో అంతకు రెట్టింపు. వాద్యంలో లోపం లేదు, లెక్కే అంత.

దీనికే నాలుగో వాల్వు పెడతారు. అది ఒక్కటే ఆ పొడవంతా సరిగ్గా కలుపుతుంది. బూసీ కంపెనీలో పనిచేసిన డేవిడ్ బ్లేక్లీ 1874లో ఇంకో మార్గం కనిపెట్టాడు: నాలుగోది నొక్కినప్పుడు గాలి మళ్ళీ వెనక్కొచ్చి మిగతా వాల్వుల దగ్గరి చిన్న అదనపు గొట్టాల్లోంచి వెళ్తుంది, లోటు దానంతటదే పూడుతుంది. మంచి యూఫోనియంలు ఇప్పటికీ ఈ పద్ధతిలోనే వస్తాయి. మొదలుపెట్టే పిల్లలకి మూడు వాల్వులు చాలు. కొంచెం పెదవితో, కొంచెం స్లైడు లాగి సరిచేసుకోవడం నేర్చుకుంటారు. ఆ కష్టమే చెవిని పదును పెడుతుంది.

డిసెంబరు 11

తొలి కచేరీ. చిన్న చిన్న పాటలు. ట్యూబాకి చాలాచోట్ల రెండే స్వరాలు: స, ప. అమ్మాయి ఆ రెండింటినీ ఎక్కడ మొదలెట్టాలో అక్కడ మొదలెట్టి, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపింది. పాట తెలిసినవాళ్ళకి అది ఎంత పనో తెలుసు.

డిసెంబరు 20

కాలిఫోర్నియా నుంచి చెల్లి ఫోన్. వాళ్ళ బాబు వచ్చే ఏడు బ్యాండులో చేరతాడట, వాడికీ బాసే కావాలట. "ఏది తీసుకోమంటావక్కా?" అంది. నేను చెప్పింది ఇక్కడా రాసి పెడుతున్నాను.

ముందు మూడు మౌత్‌పీసులూ ఊదించు, ఏది తేలిగ్గా పలికితే అది మొదట రాయి. పాట ముందు నడవాలని, జాజ్ కూడా వాయించాలని వాడికి ఉంటే, స్లైడు మీద చెవితో స్వరం వెతుక్కునే ఓపికుంటే, ట్రాంబోన్. మెత్తటి గొంతు, పాటలో తనకంటూ ఒక పక్కపాట కావాలంటే యూఫోనియం. పదిమందీ తనమీద ఆనుకుని నిలబడటం వాడికి సంతోషమైతే ట్యూబా. ఇంట్లో సాధనకి ఇంకో ట్యూబా ఇస్తారా అని బడిని అడుగు. వాద్యం పరిమాణం చూసి భయపడకు, దాని ధర చూసి మురిసిపోకు. తర్వాత మారాలనిపిస్తే మారవచ్చు, ఈ మూడూ చుట్టాలే. వీటిలో ఏది పట్టుకున్నా, తన స్వరం సరిగ్గా ఉంటేనే పక్కవాళ్ళ స్వరం అందంగా వినిపిస్తుందని వాడు రోజూ నేర్చుకుంటాడు. బ్యాండులో పిల్లల్ని చేర్చేది అది నేర్పడానికే.